కళ్లు రోడ్డు మీద, వేలు నాబ్ మీద

పెద్దపల్లి నుంచి కరీంనగర్ పోతున్నరు. రాజీవ్ రహదారి. ముందు బొగ్గు లారీ, పక్కన వడ్ల ట్రాక్టర్. ఏసీ తగ్గించాలె. కొత్త కారైతే స్క్రీన్ తాకాలె, మెనూ తెరవాలె, గుర్తు వెతకాలె. 80 స్పీడులో రెండు సెకన్లు కిందికి చూస్తే కారు 44 మీటర్లు గుడ్డిగా పోయినట్టే!

1980ల నాటి మెర్సిడెస్ ఎస్-క్లాస్ చూడండి. అప్పట్లో కోటీశ్వరుల బండి. అందులో సీటు జరిపే స్విచ్ చిన్న సీటు ఆకారంలోనే ఉంటుంది. దాని వీపును వెనక్కి నొక్కితే అసలు సీటు వీపు వాలుతుంది. చదువు రాకున్నా అర్థమైతది. మన పాత అంబాసిడర్‌లో డిప్పర్ కాలి కింద బటన్. లైటు దించాలంటే స్టీరింగ్ వదిలే పనే లేదు.

యూరప్‌లో కార్ల భద్రతను పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ కూడా ఇప్పుడు ఇదే దారికొచ్చింది. 2026 నుంచి ఇండికేటర్, హారన్, వైపర్ లాంటి వాటికి విడిగా బటనో, మీటనో ఉండాలంటోంది. లేకుంటే ఫైవ్ స్టార్ కష్టమే.

అందుకే కారు కొనబోతే స్క్రీన్ ఎన్ని అంగుళాలో తర్వాత అడగండి. ముందు ఆగి ఉన్న కారులో కూర్చుని, కళ్లు మూసుకుని ఏసీ తగ్గించండి, వైపర్ వేయండి. చేతికి దొరికితేనే రేటు మాట్లాడండి.