రాబందును ఇంట్లో పెంచనివ్వకండి

తెలంగాణ ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గారికి,

అంతరించిపోతున్న పక్షుల్ని ఇళ్లలో పొదిగించేందుకు పక్షిప్రేమికులు అనుమతి అడిగితే ఇవ్వకండి. వారి ప్రేమను శంకించడం లేదు. కానీ రాబందు సాధారణంగా ఏడాదికి పెట్టేది ఒక్క గుడ్డు. ఆ పిల్ల ఈడుకు రావడానికి దాదాపు ఐదేళ్లు. ఇంట్లో ఉన్న కొద్దిపాటి పక్షుల్లో తోబుట్టువులే జతకట్టి సంతతి బలహీనపడుతుంది. ప్రభుత్వ కేంద్రాల్లో పని నెమ్మదన్నది నిజమే. కానీ గుడ్లు పొదిగినంత మాత్రాన జాతి నిలవదు. పశువులకిచ్చే, వాటి కళేబరాలు తిన్న రాబందుల్ని చంపే డైక్లోఫెనాక్‌ను 2006లో నిషేధించకపోతే, పింజోర్ రాబందుల పెంపక కేంద్రంలో పుట్టిన పక్షులకూ బయట చావే ఎదురయ్యేది.

అలాగని దెబ్బతిన్న పక్షిని ఇంటికి తెచ్చినవారిని నేరస్థుల్లా చూడకండి. నోట్లో నీళ్లు పోయకుండా, చిల్లులున్న అట్టపెట్టెలో చీకటిగా ఉంచి వెంటనే మీకు అప్పగించడం ఎవరైనా నేర్చుకోగలరు. రాబందులు గూళ్లు కట్టిన బెజ్జూరు చుట్టుపక్కల పల్లెల్లోనే ఆ శిక్షణ మొదలుపెట్టండి.