కండరాలకు బలం వచ్చినా మానని చర్మం

పీట మీద కూర్చున్న మనిషి చేతి ఊతం లేకుండా లేవలేకపోవడం, జడ వేసుకోవడానికి చేతులు పైకెత్తలేకపోవడం, మెట్లెక్కబోతే తొడలు సహకరించకపోవడం చూచి, వయసు నీరసమని చాలామంది ఊరుకుంటారు. వీటితోపాటు కనురెప్పలు ఊదారంగుకు తిరిగి, వేళ్ల కణుపుల మీద గట్టి పొక్కులు లేస్తే ఊరుకోకూడదు. అది డెర్మటోమయోసైటిస్ కావచ్చును. జర్మనీ వైద్యుడు ఉన్‌వెరిక్ట్ 1891లో ఈ పేరు పెట్టాడు. మనలను కాపాడవలసిన రక్షణశక్తే పొరబడి మన కండరాలను, చర్మాన్ని దెబ్బతీయడమే ఈ వ్యాధి.

చికిత్సతో చాలామందికి కొన్ని నెలల్లో కండరాల బలం తిరిగి వస్తుంది. చర్మం మాత్రం ఏళ్ల తరబడి సాధించవచ్చు. మెడ క్రింద, భుజాల వెనుక మచ్చలు నల్లబడి, మధ్యమధ్య తెల్లబడి, చర్మం పలుచనవుతుంది. తలలో, వీపు మీద దురద నిద్ర పట్టనివ్వదు. మనవంటి చామనచాయ వారిలో ఎరుపు కనబడక నలుపే కనబడుతుంది గనుక మంగు అనో, తామర అనో పొరబడతారు. కుష్ఠు అని గుసగుసలాడేవారు కూడ ఉంటారు. కుష్ఠు మచ్చకు స్పర్శ తెలియదు. ఇక్కడ ఆ మచ్చే దురదతో వేధిస్తుంది. ఇది అంటువ్యాధి కానే కాదు. రోగికి వేరే కంచం, వేరే చాప పెట్టనక్కరలేదు, బిడ్డలను దూరంగా ఉంచనక్కరలేదు.

ఎండ ఈ చర్మానికి శత్రువు. పొలం పని చేసుకునేవారికి ఎండలో తిరగవద్దని చెప్పడం తేలికే గాని, పాటించడం కష్టమని మాకు తెలుసు. పెందలకడనే వెళ్లి ఎండ ముదరకముందే తిరిగి రావడం, నిండు చేతుల చొక్కా, తలకు గుడ్డ, గొడుగు - ఈ మాత్రమైనా చేయాలి. మబ్బు పట్టిన రోజున కూడ మానకూడదు.

కొందరికి కొన్నేళ్ల తరువాత మోచేతుల దగ్గర, మోకాళ్ల దగ్గర, పిరుదుల మీద రాళ్లవంటి గడ్డలు లేస్తాయి. పిల్లల్లో ఎక్కువ, పెద్దల్లో తక్కువ. చర్మం క్రింద కాల్షియం పేరుకోవడమే దీనికి కారణం. ఒక్కొక్కప్పుడు చిట్లి సుద్దవంటి తెల్లని పదార్థం కారుతుంది. సూదితో పొడవకండి, పిండకండి. చీము పట్టి మానని పుండవుతుంది. ఒంట్లో సున్నం ఎక్కువైందని పాలు, రాగిజావ మాన్పించేవారున్నారు. అది తప్పు. రక్తంలో కాల్షియం సాధారణంగా మామూలుగానే ఉంటుంది. పైగా దీర్ఘకాలం వాడే స్టెరాయిడ్ మాత్రలు ఎముకలను గుల్లచేస్తాయి గనుక పాలు, రాగులు మరింత అవసరం.

వేళ్ల కొసల మీద, అరచేతుల్లో, కణుపుల మీద లోతైన పుండ్లు పడి, దానితో పొడిదగ్గు, ఆయాసం ఉంటే ఆలస్యం చేయవద్దు. ఊపిరితిత్తులు వేగంగా పాడయ్యే రకం ఒకటున్నది. ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

పెద్దవారిలో ఈ వ్యాధి వెనుక ఒక్కొక్కప్పుడు క్యాన్సరు దాగి ఉంటుంది. వ్యాధి బయటపడిన మొదటి మూడేళ్లలో ఆ ప్రమాదం ఎక్కువ. అందుచేత డాక్టరు రొమ్ము, గర్భాశయ ప్రాంతం, ఊపిరితిత్తుల పరీక్షలు వ్రాస్తే, చర్మ రోగానికి ఇవన్నీ ఎందుకని విసుగుకోవద్దు.

బలం రాగానే స్టెరాయిడ్ మాత్రలు తమంతట తామే ఆపేయడం మరొక ప్రమాదం. వాటిని డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లమెల్లగా తగ్గించాలి. మెతోట్రెక్సేట్ మాత్ర ఇచ్చినట్లయితే అది వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. గర్భిణులు వాడరాదు. ఏ రోజున వేసుకోవాలో డాక్టరు చేత చీటీ మీద వ్రాయించుకొని, ఇంటి గోడనున్న క్యాలెండరులో ఆ రోజుకు సున్న చుట్టి, చదువు వచ్చిన బిడ్డకు ఒప్పజెప్పండి.