భోగి మంట దాటిన కుర్చీ

భోగి దగ్గర పడిందంటే విశాఖలో మేడల మీద పడివున్న పాత కుర్చీలకు, బల్లలకు నూకలు చెల్లినట్టే. కాలు విరిగిందనో, కొత్త ఫ్లాటులో చోటు లేదనో మంటకు అందిస్తాం. తాతల నాడు రంగూన్ నుంచి ఓడల్లో వచ్చిన బర్మా టేకు కూడా వాటిలో ఉంటుంది. అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఉప్పు కాగితం పట్టించి, పగుళ్లలో లప్పం కూరి, లతలూ పిట్టలూ చిత్రించి అదే కుర్చీని మళ్లీ హాల్లో వేసుకోవచ్చు. ఇదేమీ పరాయి సరదా కాదు. 18వ శతాబ్దంలో ఈ ఊరి పనివాళ్లు ఈస్టిండియా కంపెనీ దొరల కోసం కుర్చీలు, పెట్టెలు చేసి, వాటికి దంతం తాపడం పెట్టేవారు. దంతం మీద పూలతీగలు గీసి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. అద్దకం బట్టల మీది పూలే అలా చెక్క సామాను మీదికీ వచ్చాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వాటిని అపురూపంగా దాచుకుంది. మన ఇళ్లలో మాత్రం వాటి ఆనవాలు లేదు.

ఏనుగుల ప్రాణం తీసే ఆ దంతం మళ్లీ రావద్దు. లక్క మాత్రం మనకు దూరం కాలేదు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ రంగు లక్కను ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. చెట్ల నుంచి తీసిన రంగులను అక్కడ మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ దక్కింది. బల్లపరుపు చెక్కకు ఈ పూత కుదరదు, కర్ర గుండ్రంగా తిరగాలి. కాబట్టి విరిగిన మంచం కోడుకో, ఊడిన ఉయ్యాల కడ్డీకో బదులు లక్క పూసిన కొత్తది బిగించుకోవచ్చు.

అలాగని కనబడ్డ ప్రతి చెక్కకూ రంగు పులమడం మాకు సమ్మతం కాదు. చార స్పష్టంగా ఉన్న టేకుకు పాలిష్ చాలు. అతుకులు పడ్డ మామిడి చెక్కకు, ప్లైవుడ్డుకు బొమ్మలు అందం తెస్తాయి. ఉప్పుగాలికి తుప్పెక్కిన ఇనప బీరువానూ మరవొద్దు. ఉక్కు నగరంలో అది లేని ఇల్లు అరుదు. తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ పూస్తే దాని తలుపులంత విశాలమైన పలక చిత్రకారుడికి ఇంట్లో ఇంకెక్కడ దొరుకుతుంది?

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లలిత కళలు నేర్చుకుంటున్న పిల్లలను, వీధి వడ్రంగులను, ఏటికొప్పాక కళాకారులను నగరపాలక సంస్థ ఒకచోట కూర్చోబెట్టాలి. కోడుకింత, కడ్డీకింత అని కూలి ముందే తేల్చి, పని ఏడాది పొడవునా అందేలా చూడాలి.