తిండి ఆలోచనలు పాపం కాదు, లెక్క రాసి తీసుకురండి



షుగరు పరీక్షకు మా దగ్గరికి వచ్చేవారిలో కొందరు వెళ్ళబోతూ ఆగి, మెల్లగా ఒక మాట చెబుతుంటారు. కడుపు నిండినా మనసు తిండి మీదే ఉంటోందని, ప్రార్థనలో కూర్చున్నా ఆత్రేయపురం పూతరేకులే గుర్తుకొస్తున్నాయని. నోరు కట్టుకోమని చెప్పి పంపడం మాకూ అలవాటే. అది సరైన జవాబు కాదని ఇప్పుడు మా అభిప్రాయం.

1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులకు ఆరు నెలలపాటు దాదాపు సగం ఆహారమే పెట్టారు. వారంతా మనస్సాక్షి ఒప్పుకోక యుద్ధంలో ఆయుధం పట్టనివారు. యుద్ధంలో ఆకలితో అలమటిస్తున్నవారికి మేలు జరగాలని ఇష్టపూర్వకంగా ముందుకొచ్చారు. అంత పట్టుదల ఉన్నవారికి కూడా తిండి తప్ప వేరే ధ్యాస లేకపోయింది. కొందరు వంటల పుస్తకాలు చదువుతూ కూర్చునేవారు. భక్తి తగ్గి కాదు, తిండి తగ్గితే శరీరం అలాగే అడుగుతుంది. పూటలు మానేసి బరువు తగ్గాలనుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి. నిద్రలేమి, దిగులు, స్టెరాయిడ్ వంటి మందులు కూడా ఇందుకు కారణం కావచ్చు.

జ్వరాన్ని కొలిచినట్టే దీన్నీ కొలవవచ్చు. ఇందుకోసం పరిశోధకులు తయారుచేసిన ఐదు ప్రశ్నల పట్టిక 2025లో ప్రచురితమైంది. ఇంట్లో మీరు చేయగలిగింది ఇంకా తేలిక. ఒక వారం రోజులు, ఆకలి లేకుండా తిండి ఆలోచన వచ్చినప్పుడల్లా కాగితం మీద ఒక గీత పెట్టండి. అది ఏ వేళ వచ్చింది, పక్కన పెట్టగలిగారా, పని గాని నిద్ర గాని చెడిందా రాయండి. ఆ కాగితం చూస్తే కారణం వెదకడం డాక్టరుకు సులువవుతుంది. చాటుగా ఎక్కువగా తినడం, తిన్నది కావాలని కక్కేయడం ఉంటే అదీ దాచకండి.

ఒక హెచ్చరిక. షుగరు మందులు వాడేవారికి చెమట, వణుకుతో హఠాత్తుగా ఆకలేస్తే అది ఉత్త ఆలోచన కాదు, షుగరు పడిపోవడం కావచ్చు. వెంటనే మూడు టీ చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగండి. శ్రమల దినాల్లో ఉపవాసం ఉండదలిస్తే ముందుగా డాక్టరును అడగండి.

సంఘ కుటుంబాలకు మా మనవి: ఇంట్లో ఎవరినీ తిండిపోతు అని ఎగతాళి చేయకండి. సిగ్గుపడినవారు నోరు విప్పరు. చెప్పని బాధకు వైద్యం చేయలేం.

దేవుడు మీకు ఆరోగ్యము దయచేయును గాక.