చూసినదే రాద్దాం

ప్రయోగశాల రికార్డు పుస్తకంలో మూడు గడులు ఉంటాయి. మొదటిది ప్రయోగం, రెండవది పరిశీలన, మూడవది అనుమితి. అంటే ఏం చేశాం, ఏం చూశాం, దానివల్ల ఏం తెలిసింది అని అర్థం. మొదటి గడిలో ఏం రాయాలో పుస్తకం చెబుతుంది. మూడవ గడిలో ఏం రాయాలో ఆలోచన చెబుతుంది. మధ్య గడిని మాత్రం మన కళ్లు, మన ముక్కు చెప్పాలి. కాని మనలో చాలామంది ప్రయోగశాల గడప తొక్కకముందే ఆ గడిని కూడా నింపుకొని వస్తారు. ఇది మంచి అలవాటు కాదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ఒక సంపర్క తరగతిలో కర్బన పదార్థాల పరీక్షలు జరుగుతున్నాయి. అభ్యాసకులలో నలభై ఏళ్లాయన ఒకరున్నారు. ఉదయం, సాయంత్రం పాల సేకరణ కేంద్రంలో పని, మధ్యలో చదువు. ఆ రోజు ఆయనకు ఇచ్చినది వంటింటి పంచదార ద్రావణం. దానికి ఫెహ్లింగ్ ద్రావణం కలిపి, పరీక్ష నాళికను మరిగే నీటిలో ఉంచారు. అయిదు నిమిషాలైనా నీలి రంగు నీలిగానే ఉంది. ఆయన మాత్రం పుస్తకంలో “ఇటుక ఎరుపు అవక్షేపం ఏర్పడింది” అని రాసుకున్నారు.

“ఎరుపు ఎక్కడ వచ్చిందండీ?” అని అడిగాను.

“రాలేదు సార్. పంచదార కదా, రావాలి. నా చేతిలోనే ఏదో లోపం ఉండి ఉంటుంది. అందుకని పుస్తకంలో ఉన్నట్టు రాసేశాను.”

నిజానికి ఆయన చేతిలో ఏ లోపమూ లేదు. రసాయన శాస్త్రంలో చక్కెర అన్నది ఒక కుటుంబం పేరు. ఆ కుటుంబంలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ వంటివి ఫెహ్లింగ్ ద్రావణంలోని క్యూప్రిక్ అయానులను క్షయకరణం చేస్తాయి. అప్పుడు ఎర్రని క్యూప్రస్ ఆక్సైడ్ అడుగున చేరుతుంది. మన పంచదార, అంటే సుక్రోజ్, అలా చేయలేదు. అందులో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. క్షయకరణం చేయవలసిన సమూహాలు రెండూ ఆ ముడిలోనే చిక్కుకొని ఉంటాయి. కాబట్టి నీలి రంగు మారకపోవడమే ఇక్కడ సరైన జవాబు.

ఆ తరువాత అదే పంచదార ద్రావణానికి కొంచెం సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి కాసేపు మరిగించాం. చల్లార్చి, సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంతో తటస్థం చేసి, మళ్లీ పరీక్షించాం. ఈసారి ఎరుపు వచ్చింది. ఆమ్లం ముడి విప్పింది. మొదటి నాళికలోని నీలిని నీలిగా రాసుకున్నవారికే రెండవ నాళికలోని ఎరుపుకు అర్థం తెలుస్తుంది. రెండింటికీ ఎరుపే రాసినవారికి ఏమి మిగులుతుంది? రెండు వాక్యాలు మిగులుతాయి, అంతే.

దీనికి కొందరు ఒక అభ్యంతరం చెబుతారు. “మాకు ప్రయోగశాల దొరికేది ఏడాదిలో కొద్ది రోజులు. పరీక్షలో పుస్తకంలో ఉన్నట్టు రాయకపోతే మార్కులు పోతాయి” అంటారు. ఈ మాటను తేలికగా తీసివేయలేము. కూలి పని మానుకొని తరగతికి వచ్చేవారికి ఒక్కొక్క మార్కూ విలువైనదే. ఇందులో బోధించేవారి తప్పు కూడా ఉంది. గడి నిండిందా లేదా అని చూసి సంతకం పెట్టే అధ్యాపకుడు, అభ్యాసకుడికి అబద్ధం నేర్పుతున్నట్టే. “మార్పు లేదు” అని నిజాయితీగా రాసినవారికి పూర్తి మార్కులు ఇవ్వాలి. మార్పు ఎందుకు రాలేదో చెప్పగలిగితే వారిని మెచ్చుకోవాలి.

టోలెన్స్ పరీక్షనే తీసుకోండి. ఇందులో అమ్మోనియా కలిపిన సిల్వర్ నైట్రేట్ ద్రావణాన్ని ఆల్డిహైడ్‌తో వెచ్చజేస్తాం. నాళిక లోపలి గోడమీద వెండి అద్దం ఏర్పడుతుంది. నాళికకు జిడ్డు ఉంటే అద్దానికి బదులు నల్లని పొడి వస్తుంది. “నల్లని పొడి వచ్చింది” అని రాసినవారు నాళికను శుభ్రంగా కడిగి మళ్లీ చేస్తారు, అద్దాన్ని చూస్తారు. చూడకుండానే “వెండి అద్దం” అని రాసినవారు ఆ నాళికను ఎప్పటికీ కడగరు. అలాగే బెంజాల్డిహైడ్ వెండి అద్దాన్ని ఇస్తుంది కాని, ఫెహ్లింగ్ ద్రావణంతో ఎరుపును ఇవ్వదు. ఆల్డిహైడ్‌లన్నీ ఒకటే అనుకొని రాసేవారికి ఈ తేడా కనిపించదు. ఇక్కడే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. టోలెన్స్ కారకాన్ని అప్పటికప్పుడు తయారు చేసుకోవాలి. మిగిలినదాన్ని నిలవ ఉంచకూడదు. నిలవ ఉంటే అందులో పేలుడు పదార్థం ఏర్పడవచ్చు.

ఈ వెండి అద్దం వెనుక ఒక చరిత్ర ఉంది. పూర్వం అద్దాలను పాదరసం, తగరం కలిపి తయారు చేసేవారు. పాదరసం ఆవిరి వల్ల ఆ పనివారి ఆరోగ్యం పాడయ్యేది. జర్మనీకి చెందిన లీబిగ్ 19వ శతాబ్దంలో ఆల్డిహైడ్ వల్ల గాజుమీద వెండి పూత ఏర్పడడం గమనించి, రాసిపెట్టాడు. వెండి పూత అద్దాలకు దారి అక్కడినుంచే ఏర్పడింది. పాదరసం అద్దాలు క్రమంగా వెనుకపడ్డాయి. చూసినది రాయడం వల్ల ఎందరి ఆరోగ్యమో నిలిచిందన్నమాట.

మన ఊళ్లలోనూ ఇలాంటి ఉదాహరణ ఉంది. గ్లూకోమీటర్లు, పరీక్ష పట్టీలు రాకముందు మధుమేహ రోగుల మూత్రాన్ని బెనెడిక్ట్ ద్రావణంతో మరిగించి చూసేవారు. ఆకుపచ్చ వస్తే చక్కెర కొద్దిగా ఉన్నట్టు. పసుపు, నారింజ, ఇటుక ఎరుపు వస్తే క్రమంగా ఎక్కువ ఉన్నట్టు. నాళికలో పసుపు ఉండగా ఆకుపచ్చ అని రాస్తే ఆ రోగి గతి ఏమిటి? చూసినది సరిగ్గా రాసినా, అనుమితి దగ్గర తొందరపడకూడదు. విటమిన్ సి మాత్రలు ఎక్కువగా వేసుకున్నవారి మూత్రం కూడా ఈ ద్రావణం రంగును మార్చగలదు. కాబట్టి పరిశీలన వేరు, అనుమితి వేరు. రెండింటినీ కలిపివేయకూడదనే పుస్తకంలో వేర్వేరు గడులు పెట్టారు.

ప్రయోగశాల దూరమని నిరాశ పడనక్కరలేదు. చల్లారిన గంజిలో ఒక చుక్క టింక్చర్ అయోడిన్ వేయండి. ముదురు నీలి రంగు వస్తుంది. దాన్ని వేడి చేసి చూడండి, చల్లార్చి మళ్లీ చూడండి. ఏం జరిగిందో నేను చెప్పను. మీరే రాయండి. నిమ్మరసంలో చిటికెడు తినే సోడా వేయండి. బుసబుస పొంగే వాయువును సున్నపు తేటలోకి పంపి చూడండి. అదీ రాయండి. వీటిలో దేన్నీ నోట్లో పెట్టుకోకండి.

ఆ రోజు పాల కేంద్రం అభ్యాసకుణ్ణి చివరగా ఒక మాట అడిగాను. “లాక్టోమీటరు ముంచకుండానే మీరు అంకె వేస్తారా?”

ఆయన నొచ్చుకున్నారు. “ఎంత మాట సార్! అట్లా వేస్తే రైతు నోట్లో మట్టి కొట్టినట్టే కదా” అన్నారు. మరుక్షణమే ఆయనకు నా ప్రశ్న అర్థమైంది. పెన్ను తీసి ఎరుపును కొట్టివేశారు. పక్కన “నీలి రంగు మారలేదు” అని రాశారు.

ఆ పుస్తకంలో నేను సంతోషంగా సంతకం పెట్టిన పుట అదే.