చనిపోతే పరిహారం... బతికొస్తే?



పోయిన నెలలో ఒక ఆదివారం సాయంత్రం షార్జాలో ఒక గదిలో కూర్చుని అట్టపెట్టెలకు టేపు చుట్టాను. పాలపొడి డబ్బాలు, తలనొప్పి బాములు, మనవరాలికి ఒక బొమ్మ, రెండు దుప్పట్లు. పెట్టె మీద మార్కర్‌తో ఊరిపేరు రాయడం నా వంతు. ఆ పెట్టెలు మా కాకవి. రక్త సంబంధం ఏమీ లేదు. ఉద్యోగం కోసం నేను ఈ దేశం వచ్చిన కొత్తలో అన్నం పెట్టి, ఏ బస్సు ఎక్కాలో చెప్పిన మనిషి కాబట్టి కాక. జగిత్యాల వైపు పల్లె. 2001లో వచ్చాడు. ఒకే కంపెనీ గోడౌన్‌లో 24 ఏళ్ళు పనిచేశాడు. 58 ఏళ్ళు నిండాయి, మోకాళ్ళు అరిగాయి, ఇక వీసా రెన్యువల్ చెయ్యమని కంపెనీ చెప్పేసింది.

"ఇంటికి పోతున్నవు గద కాకా, ముఖం గట్ల పెట్టినవేంది?" అన్నాను.

"ఇల్లు ఏడుందో సమజైతలేదు బిడ్డా. రెండేండ్లకొక్కసారి నెల దినాలు పోయినోన్ని. ఊర్ల నన్ను సుట్టం లెక్కనే సూస్తరు. ఈడ ఉండనియ్యరు, ఆడ అలవాటు లేదు" అన్నాడు.

ఈ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ వాణ్ణి. మనసు బాగోకపోతే ఎక్సెల్ షీట్ తెరిచే జబ్బు ఉంది. ఆ రాత్రి కాక లెక్క వేశాను. ఆ లెక్కే ఈ సంపాదకీయం.

ముందు ఇక్కడి చట్టం సంగతి. యు.ఎ.ఇ.లో మనలాంటి వాళ్ళ నివాసం ఉద్యోగానికి కట్టిన గొలుసు. ఉద్యోగం పోతే వీసా రద్దవుతుంది. రద్దయ్యాక దేశం విడవడానికి, లేదా ఇంకో వీసా చూసుకోవడానికి కేటగిరీని బట్టి నెల నుంచి ఆరు నెలల దాకా గడువిస్తారు. మీరు ఇక్కడ నాలుగేళ్ళు ఉన్నారా, నలభై ఏళ్ళు ఉన్నారా అన్నది ఆ గడువుకు అనవసరం. ఇక్కడ పెన్షన్ వ్యవస్థ ఉంది గానీ అది ఈ దేశ పౌరులకూ, పొరుగు గల్ఫ్ దేశాల పౌరులకూ. మనకు ఉన్నది గ్రాట్యుటీ ఒక్కటే.

ఆ గ్రాట్యుటీ ఎలా లెక్కకడతారో మనలో చాలామందికి తెలియదు. 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం ప్రకారం మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఆ తరువాత ప్రతి ఏడాదికి 30 రోజుల బేసిక్ జీతం. మొత్తం కలిపి రెండేళ్ళ జీతం దాటకూడదు. గమనించండి, బేసిక్ మాత్రమే. ఇంటి అలవెన్సు, తిండి అలవెన్సు లెక్కలోకి రావు. కాక జీతం చివరికి 2,000 దిర్హాములు. అందులో బేసిక్ 1,200. మొదటి ఐదేళ్ళకు 105 రోజులు, తరువాతి 19 ఏళ్ళకు 570 రోజులు, వెరసి 675 రోజులు. అంటే ఇరవై రెండున్నర నెలల బేసిక్, 27,000 దిర్హాములు. మన రూపాయల్లో ఆరు లక్షల పైచిలుకు. ఒక మనిషి 34వ ఏట నుంచి 58వ ఏట దాకా చేసిన చాకిరీకి ముగింపు లెక్క అది. కంపెనీ ఆ డబ్బు సరిగ్గానే ఇచ్చింది. అందుకు సంతోషించాలి. ఎందుకంటే ఆ డబ్బు సాధారణంగా విడిగా ఏ ఫండులోనూ ఉండదు, కంపెనీ పుస్తకాల్లో బాకీగా ఉంటుంది. కంపెనీ మునిగితే దాన్ని రాబట్టుకోవడం మన తలనొప్పి. దుబాయ్ ఆర్థిక కేంద్రం, అంటే డి.ఐ.ఎఫ్.సి., 2020లో తన పరిధిలోని ఉద్యోగులకు గ్రాట్యుటీని నెలనెలా ఒక ఫండులో జమ చేయించే పద్ధతి పెట్టింది. 2023లో మిగతా ప్రైవేటు రంగానికీ అలాంటి పథకం వచ్చింది గానీ అది కంపెనీల ఇష్టం.

"రిటైర్మెంట్ వీసా ఉంది కదా" అంటారు మిత్రులు. ఉంది. 2018లో నిర్ణయం తీసుకున్నారు, 2020లో దుబాయ్ ఆర్భాటంగా మొదలుపెట్టింది. ఐదేళ్ళ వీసా. 55 ఏళ్ళు నిండినవారికి, లేదా 15 ఏళ్ళు ఉద్యోగం చేసి రిటైరైనవారికి. పది లక్షల దిర్హాముల ఆస్తి ఉండాలి, లేదా పది లక్షల దిర్హాముల పొదుపు ఉండాలి, లేదా నెలకు 20,000 దిర్హాముల ఆదాయం ఉండాలి (దుబాయ్‌లో 15,000). ఇప్పుడు కాక లెక్క మళ్ళీ చూడండి. 24 ఏళ్ళ పాటు ప్రతి నెలా ఆ ఆఖరి జీతం 2,000 వచ్చిందనే అనుకుందాం. ఒక్క దిర్హాము కూడా ఖర్చు పెట్టలేదు, ఇంటికి పంపలేదు, గాలి పీల్చి బతికాడు అనుకుందాం. అప్పుడు కూడా మొత్తం 5,76,000 దిర్హాములు. పది లక్షలకు ఇంకా నాలుగు లక్షల పైచిలుకు దూరం! ఈ వీసా గోడౌన్‌లో పనిచేసిన వాడి కోసం కాదు, గోడౌన్ యజమాని కోసం.

మరి మనం? ఏసీ ఆఫీసుల్లో కూర్చునేవాళ్ళం, ఇంటికి అప్పు తీసుకున్నవాళ్ళం? మన గొలుసు కాస్త పొడవు, అంతే. రిటైర్మెంట్ వీసా ఐదేళ్ళకోసారి మళ్ళీ అవే అర్హతలు చూపించి పొడిగించుకోవాలి. అది హక్కు కాదు, అనుమతి. ఉద్యోగంతో పాటే కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా పోతుంది. వయసు మీద పడ్డాక సొంతంగా బీమా తీసుకోబోతే ప్రీమియం చూసి బీపీ పెరుగుతుంది. బీమా తప్పనిసరి చేసే చట్టం దుబాయ్‌లో 2013లో వచ్చింది. షార్జా వంటి ఉత్తర ఎమిరేట్లకు 2025 జనవరి నుంచి మాత్రమే. అంటే కాక సర్వీసులో దాదాపు మొత్తం కాలం ఆ చట్టం ఆయన దాకా రానేలేదు. మా అమ్మాయి దుబాయ్‌లోనే పుట్టింది. దానికి తెలిసిన ఊరు ఇదొక్కటే. అయినా పుట్టుకతో దానికి ఇక్కడ ఏ హక్కూ రాలేదు. దాని వీసా నా వీసాకు తోక, నా వీసా నా ఉద్యోగానికి తోక.

చావు గురించి మాట్లాడటం మనకు అశుభం. కానీ మాట్లాడాలి. ఇక్కడ మనిషి పోతే కోర్టు ఉత్తర్వు వచ్చేదాకా బ్యాంకు ఖాతా స్తంభించిపోతుంది. ముస్లిమేతరుల కోసం 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, వీలునామా లేకపోతే ఆస్తిలో సగం భార్యకో భర్తకో, మిగతా సగం పిల్లలకు సమానంగా. ఆడపిల్ల, మగపిల్లవాడు తేడా లేదు, అది మంచిదే. కానీ ఊళ్ళో ఉన్న తల్లి మాటేమిటి? మన హిందూ వారసత్వ చట్టంలో తల్లి కూడా మొదటి తరగతి వారసురాలు. ఇక్కడ పిల్లలుంటే ఆమెకు వాటా లేదు. వారసులు మన దేశ చట్టమే కావాలని అడగవచ్చు గానీ, ఆ గొడవంతా వీలునామా రాస్తే పోతుంది. నా స్నేహితుల్లో ఎంతమంది రాశారని అడిగితే చేతివేళ్ళ మీద లెక్కపెట్టాను, వేళ్ళు మిగిలాయి.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. "ఈ దేశం మనల్ని జీవితాంతం ఉంచుకుంటానని ఎప్పుడైనా మాట ఇచ్చిందా? తెలిసే కదా వచ్చాం?" నిజమే. ఇవ్వలేదు. ఎవర్ని ఉంచుకోవాలో నిర్ణయించుకునే అధికారం ప్రతి దేశానికీ ఉంది. ఇక్కడ పన్ను కట్టకుండా సంపాదించుకున్నాం, పిల్లల్ని చదివించుకున్నాం. ఈ దేశాన్ని తిట్టిపోయడం నా ఉద్దేశ్యం కాదు. నా ప్రశ్న ఇంకొకరికి. మాట ఇవ్వాల్సినవాళ్ళు, ఇవ్వగలిగినవాళ్ళు మన ప్రభుత్వాలు. వాళ్ళేం చేశారు?

కేంద్రానికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. గల్ఫ్ వెళ్ళే పదో తరగతి పాసు కాని కార్మికుడు రెండేళ్ళకు 275 రూపాయలు కడితే, ప్రమాదంలో చనిపోతే పది లక్షలు. మంచిదే. తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబర్‌లో ఉత్తర్వులిచ్చింది. 2023 డిసెంబర్ 7 తరువాత గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షలు. ఏళ్ళ తరబడి అడిగితే వచ్చింది, చాలా మంచిదే. ఆంధ్రప్రదేశ్‌లో ప్రవాసాంధ్ర భరోసా బీమా ఉంది, అదీ ముఖ్యంగా ప్రమాదాలకే. అన్నిటినీ వరసగా పెట్టి చూడండి మిత్రులారా. మనవాడు పెట్టెలో వస్తే పథకం ఉంది. నడుచుకుంటూ వస్తే లేదు!

ఒకప్పుడు ఉండేది. 2012లో కేంద్రం మహాత్మా గాంధీ ప్రవాసీ సురక్షా యోజన అని మొదలుపెట్టింది. కార్మికుడు ఏడాదికి కొంత కడితే ప్రభుత్వం కొంత కలిపేది. ముసలితనానికి పెన్షన్, తిరిగొచ్చాక స్థిరపడటానికి కొంత సొమ్ము. ఆలోచన బంగారం లాంటిది. కానీ దాన్ని లేబర్ క్యాంపుల దాకా తీసుకెళ్ళిన నాథుడు లేడు. చేరినవాళ్ళు తక్కువ అన్నారు, 2017లో ఎత్తేశారు. అంతకు ముందే, 2016లో, ప్రవాసుల కోసం పెట్టిన మంత్రిత్వ శాఖనే విదేశాంగ శాఖలో కలిపేశారు.

కేరళ మాత్రం ఆగలేదు. 2008లో చట్టం చేసి ప్రవాసుల సంక్షేమ బోర్డు పెట్టుకుంది. విదేశంలో ఉన్నవాడు నెలకు 350 రూపాయలు, తిరిగొచ్చినవాడు 200 కడతాడు. కనీసం ఐదేళ్ళు కడితే 60 ఏళ్ళు దాటాక పెన్షన్. 2021 బడ్జెట్‌లో దాన్ని 3,500కి, 3,000కి పెంచారు. కాక గదిలోనే పక్క మంచం మీద ఉండే మలయాళీ సోదరుడికి ఆ కార్డు ఉంది. అదే జీతం, అదే క్యాంపు, అదే బస్సు. తేడా ఎక్కడుంది? విమానం దిగే రాష్ట్రంలో.

ఇంకో ఉదాహరణ ఈ గల్ఫ్ లోనే ఉంది. ఒమన్ పౌరుడో, సౌదీ పౌరుడో దుబాయ్‌లో ఉద్యోగం చేస్తే అతని పెన్షన్ చందా అతని సొంత దేశపు ఖాతాలో జమ అవుతుంది. దాదాపు ఇరవై ఏళ్ళుగా ఈ దేశాలు తమలో తాము చేసుకున్న ఏర్పాటు ఇది. మనిషితో పాటు పెన్షన్ ప్రయాణం చేస్తుందన్న మాట. మన దేశం జర్మనీ, బెల్జియం వంటి ఇరవై దాకా దేశాలతో సామాజిక భద్రతా ఒప్పందాలు చేసుకుంది. గల్ఫ్‌లో ఒక్క దేశంతోనూ లేదు. యు.ఎ.ఇ.తో 2022లో వాణిజ్య ఒప్పందం మీద మాత్రం సంతకాలయ్యాయి. సరుకు ఇటూ అటూ పోవడానికి దారి దొరికింది. ముప్పై ఐదు లక్షలకు పైబడ్డ మనుషుల ముసలితనానికి దొరకలేదు.

కాబట్టి మన డిమాండు సూటిగా ఉండాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ చందాతో నడిచే ప్రవాసీ పెన్షన్ బోర్డులు పెట్టాలి. ఉచితంగా అడగడం లేదు, మేమూ కడతాం. 1983 ఎమిగ్రేషన్ చట్టం స్థానంలో తెస్తామంటూ కేంద్రం 2025లో ముసాయిదా బిల్లు బయట పెట్టింది. అటువంటి చట్టంలో తిరిగొచ్చినవాడి వృద్ధాప్యానికి ఒక అధ్యాయం ఉండాలి. ఓటు అడగడానికి దుబాయ్ దాకా వచ్చే నాయకులను ముందుగా ఈ ఒక్క ప్రశ్న అడగండి.

ప్రభుత్వాలు కదిలేదాకా మనం చేసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

1. జీతం స్లిప్పులో బేసిక్ ఎంతో ఇవాళే చూసుకోండి. కొత్త ఒప్పందం రాసుకునేటప్పుడు మొత్తం జీతం కన్నా బేసిక్ గురించి ఎక్కువ బేరమాడండి.

2. ఉద్యోగం ముగిసిన 14 రోజుల్లో కంపెనీ బాకీలు చెల్లించాలి. చెల్లించకపోతే ఫిర్యాదుకు 2024 నుంచి రెండేళ్ళ వ్యవధి ఉంది. ఖాళీ కాగితం మీద, అర్థం కాని అరబ్బీ కాగితం మీద సంతకం పెట్టి విమానం ఎక్కకండి.

3. మన దేశపు ఎన్.పి.ఎస్. పెన్షన్ ఖాతా ప్రవాసులూ తెరవవచ్చు. ఏడాదికి వెయ్యి రూపాయలతో కూడా నడుస్తుంది. క్యాంపుల్లో ఉన్నవాళ్ళకు ఫారాలు నింపిపెట్టడం మనలాంటి వాళ్ళు చేయగలిగిన పని.

4. వీలునామా రాయండి.

5. ఆధార్ లేనివాళ్ళు సెలవులో వెళ్ళినప్పుడు తీసుకోండి. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులు దానికి ఆరు నెలలు ఆగనక్కర లేదు. 70 దాటిన వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఐదు లక్షల వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబర్ నుంచి ఉంది. దానికి ఆధారే ఆధారం.

6. పూర్తిగా తిరిగి వెళ్ళిపోయాక ఎన్.ఆర్.ఇ. ఖాతాను మామూలు ఖాతాగా మార్పించుకోవాలి. మర్చిపోతే తరువాత చిక్కులు.

కాక వెళ్ళిపోయాడు. విమానాశ్రయంలో చెక్-ఇన్ వరసలో నిలబడి, జేబులోంచి తన ఎమిరేట్స్ ఐడీ తీసి చూసుకోబోయి ఆగిపోయాడు. ఐడీ కంపెనీకి ఇచ్చేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. "అలవాటు బిడ్డా" అని నవ్వాడు. దిగాక ఫోన్ చేశాడు. ఊళ్ళో ఆసరా పెన్షన్‌కు దరఖాస్తు పెడదామని వెళితే, "దుబాయ్ నుంచొచ్చినోనికి పింఛనెందుకు కాకా?" అని పక్కనున్నవాళ్ళు నవ్వారట.

కాక ఇరవై నాలుగేళ్ళు పంపిన డబ్బుతో ఆ ఊళ్ళో మేడ లేచింది, ఇద్దరు పిల్లలు చదివారు, బోరు పడింది. ఆ ఊరిని నిలబెట్టిన వాళ్ళలో ఆయనా ఒకడు. ఆయన అడిగేది దానం కాదు. నేనూ ఏదో ఒక రోజు ఆ వరసలో నిలబడతాను, ఈ మాట చదువుతున్న మీరూ నిలబడతారు. అప్పటికి ఆ బోర్డు ఉండాలంటే అడగడం ఇప్పుడే మొదలవ్వాలి.