మెడ వెనక టిక్కు గుర్తులు

అమెరికాలో ఉంటున్న నా కాలేజీ స్నేహితురాలు పాత ఫ్రెంచి బొమ్మలు సేకరిస్తుంది. పోయినేడు వాళ్ల ఇంటికి వెళ్తే ఒకటి చూపించింది. ముట్టుకోనివ్వలేదు. తనే విగ్గు తీసి, నడినెత్తి మీది బెండు మూత ఊడదీసి, బోలు తలలోకి టార్చిలైటు వేసింది. వెంట్రుకంత పగులున్నా వెలుతురులో బయటపడుతుందట, ధర పడిపోతుందట. తర్వాత మెడ వెనక ఎర్ర ముద్ర చూపించి, "అసలైన జ్యూమో" అంది గర్వంగా.

ముద్ర పక్కన ఎర్రవీ నల్లవీ చిన్న టిక్కు గుర్తులున్నాయి. అవేమిటే అన్నాను.

"రంగులు వేసినవాళ్లవి అంటారు. వాటికేం విలువ లేదులే."

నా పేచీ ఆ మాటతోనే.

బిస్క్ అంటే మెరుపు పూత లేని పింగాణీ. మూసలో పోసి కాలుస్తారు, రంగులద్ది మళ్లీ కాలుస్తారు. అందుకే బుగ్గలు పసిపిల్లల చర్మంలా కనిపిస్తాయి. కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటే సన్నని కుంచెతో గీయాలి. చెయ్యి వణకకూడదు. పారిస్ పక్కన మోంత్రయ్‌లో జ్యూమో కంపెనీ ఫ్యాక్టరీ ఉండేది. 1878 పారిస్ ప్రదర్శనలో కంపెనీకి బంగారు పతకం వచ్చింది. ఆ పతకం సంగతి కూడా బొమ్మల ఒంటిమీద ముద్ర కొట్టుకున్నారు. కుంచె పట్టిన మనిషికి మాత్రం దక్కింది ఒక టిక్కు.

ఇక బట్టలు. పట్టుగౌను, టోపీ, లోపావడా అన్నీ మొదటివే అయితే బొమ్మ ధర ఎంతో పెరుగుతుంది. అవి కుట్టింది ఆడవాళ్లు, చాలామంది ఇళ్లలో కూర్చుని, ముక్కకింత అని. 1892లో ఫ్రాన్సులో వచ్చిన చట్టం ఫ్యాక్టరీ స్త్రీల పనిని రోజుకు 11 గంటలకు కుదించింది. ఇంటివాళ్లే పనిచేసే చోట్లను మాత్రం వదిలేసింది. ఇంట్లో కుడితే అది పని కాదన్నమాట! బట్టలు కుట్టే ఇంటి కార్మికురాళ్లకు కనీస వేతన చట్టం రావడానికి 1915 దాకా ఆగాల్సొచ్చింది. అప్పటికి జ్యూమో పెద్ద వైభవం ముగిసిపోయింది, 1899లోనే ఆ కంపెనీ ఇతరులతో కలిసిపోయింది. మన నర్సాపురంలో లేసు అల్లే స్త్రీలను తీరిక వేళల గృహిణులుగా లెక్కగట్టి కూలి ఎలా తొక్కిపట్టారో మరియా మీస్ 1982లో పుస్తకమే రాసింది. అది చదివినవాళ్లకు ఈ కథ కొత్తేం కాదు.

ఆడవాళ్ల పేర్లు అసలే లేవా అంటే, ఉన్నాయి. 1850ల్లో పారిస్‌లో యూరే, రోమేర్ అనే ఇద్దరు స్త్రీలు సొంతంగా బొమ్మల వ్యాపారం నడిపి పేటెంట్లు తీసుకున్నారు. సేకర్తలు వాళ్లను గౌరవంగానే తలుస్తారు. కానీ వాళ్లు యజమానురాళ్లు. 2014లో శిల్పి ఆల్బెర్ మార్క్ మలిచిన బొమ్మ ఒకటి వేలంలో 3 లక్షల డాలర్లు పలికింది. దాని తల మీదా శిల్పి సంతకమే ఉంది.

పాత కార్లు పోగేసే మగవాణ్ణి రసికుడంటారు, బొమ్మలు పోగేసే ఆడదాన్ని పిచ్చిదంటారు. ఆ వెక్కిరింతలో నేను గొంతు కలపను. ఈ బొమ్మల చరిత్రను ఓపిగ్గా కూడబెట్టినవాళ్లలో స్త్రీలు ఎందరో. 1968లో కోల్‌మన్ అనే తల్లి, ఇద్దరు కూతుళ్లు కలిసి ఏకంగా ఒక విజ్ఞానసర్వస్వమే తెచ్చారు. అంత ఓపిక ఉన్నవాళ్లు కాబట్టే అడుగుతున్నాను. వెంట్రుకంత పగులును దీపం పెట్టి వెతికే కళ్లకు, ఆ వెంట్రుకలు గీసిన చెయ్యి ఎందుకు ఆనదు?

నా స్నేహితురాలి కంప్యూటర్‌లో ప్రతి బొమ్మకూ ఒక పట్టిక ఉంది. ఎత్తు, కళ్ల రంగు, ముద్ర, పగుళ్లు, కొన్న ధర. టిక్కు గుర్తులకు గడి లేదు. ఒక గడి చేర్చమన్నాను. ఫోటోలు తీసి మిగతా సేకర్తల బొమ్మలతో పోల్చి చూడమన్నాను. ఒకే టిక్కు పది తలల మీద దొరికితే, కనుబొమలు కూడా ఒకేలా ఉంటే, పేరు తెలియకపోయినా ఒక మనిషి చేతిపని మన ముందుకొస్తుంది కదా.

"నీకు అన్నిట్లోనూ రాజకీయమేనే" అని నవ్వి, బెండు మూత పెట్టి విగ్గు సర్దేసింది. ఆ ఫోటోలు ఇంకా రాలేదు. వారానికోసారి ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నాను.